చార్జరుకు జరం చూసే ఖాలా

“పిన్ను పడితే చాలు సార్” అన్నాడు షాపాయన. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

బెంగళూరు బస్సు నన్ను పొద్దున్నే నంద్యాలలో దించింది. ఆళ్ళగడ్డ బస్సెక్కే ముందు బ్యాగు తడుముకుంటే లాప్‌టాప్ ఉంది, చార్జరు లేదు. రూములో గోడకే వదిలేసి వచ్చాను. సెలవు పెట్టినా ఆఫీసువాళ్ళు వదలరు కదా, ఏదో ఒకటి కొనుక్కుందామని సెల్‌ఫోన్ కవర్లు వేలాడదీసిన ఒక చిన్న షాపు తెరిచేదాకా కాచుకుని దూరాను. ఆయన ఒక చార్జరు తీసి, పిన్ను నా లాప్‌టాప్‌లో గుచ్చి, “పట్టింది చూడండి” అన్నాడు.

“వోల్టులెంత, వాట్లెంత?” అన్నాను.

“అన్నీ ఒకటే సార్. పిన్ను పడితే చాలు.”

“అది ఎట్ల చాలుతుందప్పా? దాని కడుపుకు ఎన్ని పాలు కావాల్నో చూసుకోకుండా ఏది పడితే దాన్ని తెచ్చి నోట్లో పెడితే, బిడ్డ బతుకుతాదా?”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పక్కన స్క్రీన్‌గార్డు వేయించుకుంటున్న పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. అది ఖాలా మాట.

చార్జరు కొనలేదు. బస్టాండుకు పోవాల్సిన వాణ్ణి ఆమె సందు వైపు నడిచాను. ఆమె పోయి అప్పటికే నెలలవుతోందని నాకు తెలియదు. ఈసారి ఏం తిడుతుందో, ఏం పెడుతుందో అనుకుంటూ హుషారుగానే నడిచాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేనెప్పుడూ ఆ పేరుతో పిలిచింది లేదు. మొదటి రోజు “ఆంటీ” అన్నాను. “ఆంటీలంతా ఆ కాలనీల్లో ఉంటారు, ఈడ ఉండేది ఖాలాలే” అంది. ఖాలా అంటే అమ్మ చెల్లెలు, పిన్ని. ఆ రోజు నుంచి ఖాలానే.

మా కంపెనీ అందరినీ ఇళ్ళ నుంచి పని చేసుకోమన్న రోజులవి. ఆళ్ళగడ్డ పక్కన మా ఊళ్ళో ఫోను మాట్లాడాలంటేనే మిద్దె ఎక్కాలి, ఇంక ఆఫీసు పనేం సాగుతుంది? నంద్యాలలో రూము వెతుక్కుంటే ఖాలా ఇంటి మిద్దె మీద దొరికింది. కింద ఆమె, ఆమె కూతురు తస్లీమ్. భర్త ఎప్పుడో పోయాడు. ఖాలా ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయాగా చేసి చేసి మోకాళ్ళు అరిగాక మానేసింది. తస్లీమ్ ఇంట్లోనే కూర్చుని లాప్‌టాప్ ముందు పిల్లలకు లెక్కలు చెప్పేది.

కాన్పుల ఆసుపత్రి మానేసినా ఖాలాలోంచి అది పోలేదు. ఆమెకు ప్రపంచంలో ప్రతి వస్తువూ పురిటిబిడ్డే. కుక్కరు కూతకు రాకపోతే “గాలి ఆడలే దీనికి” అని మూత తట్టేది. మిక్సీ మొరాయిస్తే “మొండి బిడ్డ” అనేది. లాప్‌టాప్ చార్జింగు అయిపోయి కూత పెడితే, వంటింట్లోంచి కేక వచ్చేది.

“ఏడుస్తాండాది, ఇనపడ్లా? పాలు పట్టండి బేగా!”

చార్జరుకైతే ఆమె దగ్గర పెద్ద చట్టమే ఉండేది. పరుపు మీద పెట్టకూడదు, దానికి ఊపిరాడదు. బేతంచెర్ల బండల నేల మీదే పెట్టాలి, చల్లగా ఉంటుంది. వైరు పట్టుకుని లాగకూడదు, “తోక పట్టి ఎవురన్నా లాగుతారా, తల పట్టుకో.” వైరును బిగించి చుట్టకూడదు, బొడ్డుపేగు బిగించినట్టు ఉంటుందట. ఇంతవరకూ బాగానే ఉంది. లాప్‌టాప్ తీసేశాక చార్జరు గోడకే ఉండిపోతే మాత్రం ఆమె ప్రాణం ఒప్పుకునేది కాదు, “పాలన్నీ నేలపాలైతాండాయి” అని పరుగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేసేది. అట్లా ఏమీ కారిపోదని తస్లీమ్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. “నీకు లెక్కలు తెల్సు, నాకు బాలింతలు తెల్సు” అనేది.

ఇక అసలుది, చేతి వెనకభాగం. వేడిగా ఉందా అని ఆమె ఏ వస్తువునైనా అరచేత్తో ముట్టేది కాదు. అరచెయ్యి పొయ్యి దగ్గర మొద్దుబారి ఉంటుందట, అబద్ధం చెబుతుందట. వేళ్ళు మడిచి చేతి వెనకభాగాన్ని చార్జరు నల్లడబ్బా మీద ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు వినేది. అవును, వింటున్నట్టే ఉండేది ఆ ముఖం. తర్వాత తీర్పు చెప్పేది.

“జరం లేదు. మామూలు ఎచ్చనే.”

అలా ఒకరోజు నా చార్జరుకు నిజంగానే జరం వచ్చింది. లాప్‌టాప్‌తో వచ్చిన అసలు చార్జరు కాలిపోతే, ఇదే ఊళ్ళో ఇలాంటి షాపులోనే, పిన్ను పట్టిందని ఒకటి కొనుక్కొచ్చాను. పెట్టగానే లైటు వెలిగింది. పని చేసుకుంటూ ఉంటే చార్జింగు ఎక్కకపోగా దిగిపోతోంది. ఖాలా మెట్లెక్కి వచ్చి చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది.

“కాలిపోతాండాది గదరా! ఏం తెచ్చినావు ఇది? తస్లీమ్, ఇట్ల రా.”

తస్లీమ్ వచ్చి డబ్బా తిప్పి వెనకున్న చీమతలకాయల్లాంటి అక్షరాలు చదివింది. నా లాప్‌టాప్ అడుగున ఉన్నవి కూడా చదివింది. “వోల్టులు సరిపోయినాయి అమ్మీ. వాట్లే తక్కువ. ఆ మిషన్‌కు కావాల్సినంత ఇది ఇయ్యలేదు.”

“పాలు చాలని తల్లి” అంది ఖాలా జాలిగా. తిట్టలేదు దాన్ని. అన్ని వైర్లనూ తిట్టే మనిషి, ఆ చార్జరును మాత్రం వైరు వదులుగా చుట్టి పక్కన పెట్టింది. “దాని తప్పేముంది? అది ఇచ్చేకాడికి ఇస్తాండాది.”

తస్లీమ్ లాప్‌టాప్ కూడా అదే కంపెనీది, అదే పిన్ను. ఆమె చార్జరు నాకు కావాల్సిన దానికంటే పెద్దది. పెద్దది పెడితే నాది పేలిపోదా అని నాకు భయం. “వోల్టులు ఒకటైతే సాలు. వాట్లు ఎక్కువుంటే ఏం కాదు. నీది దానికి కావాల్సినంతే తాగుతాది” అంది తస్లీమ్. ఖాలాకు ఆ మాట ఎంత నచ్చిందంటే వారంలోపల సందు సందంతా చెప్పేసింది. “తల్లికి పాలు ఎక్కువుంటే బిడ్డకేం చెరుపు లేదంట. మా పాప చెప్పింది.”

అట్లా ఒక చార్జరు, రెండు లాప్‌టాప్‌లు. మొదట్లో అది మెట్లెక్కి దిగేది. దానికి ఆయాసం వస్తుందని ఖాలా నన్నే కిందికి దించేసింది. ముందర హాల్లో నాకో చాప, మధ్యలో పూల పరదా, పరదాకు అటువైపు తస్లీమ్ క్లాసు. గోడ వారగా బండ మీద చార్జరు. నా వంతు వస్తే పరదా కింద నుంచి వైరు ఇటు జరిగేది, ఆమె వంతు వస్తే అటు. “నీది ఎంతుంది?” “సగం.” “నాది చచ్చిపోతాండాది, ఇయ్యి.” మా ఇద్దరి మధ్యా రోజుకు నడిచిన మాటలు అంతే. ఆ మాటల కోసమే నేను పొద్దున లేచేవాణ్ణి.

చెప్పేస్తాను, దాచుకునేదేముంది. నాకు తస్లీమ్ అంటే ఇష్టం. పెళ్ళంటూ చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని అనుకున్నాను. నాకు సరిపడే చార్జరు ఆర్డరు పెట్టానని ఖాలాతో చెప్పి, పెట్టకుండా ఊరుకున్నాను. ఖాలా రోజూ అడిగేది.

“రాలేదా ఇంగా?”

“వస్తాంది ఖాలా.”

“యా దేశం నుంచి నడ్సుకుంటా వస్తాందిరా అది? హజ్జుకు పోయినోళ్ళు గూడా వచ్చినారు.”

మేం దూదేకుల వాళ్ళం. ముస్లింలమే అయినా మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ నాకు పెళ్ళిళ్ళలో విన్నంతే వచ్చు. మిగతాది టీవీ సీరియళ్ళలో హీరోయిన్ల నోట విని నేర్చుకున్నాను. ఒకసారి భోజనానికి పిలిస్తే, వస్తున్నానని చెప్పబోయి “మై ఆతీ హూఁ ఖాలా” అన్నాను. ఖాలా గరిటె కింద పడేసి నవ్వింది. “ఆతీ అంట! ఆడపిల్లవైనావేమిరా?” పరదా వెనక కూడా నవ్వు. ఆ నవ్వు కోసం తర్వాత కావాలనే తప్పులు మాట్లాడాను. నా పేరు దస్తగిరి. మా ఊళ్ళో అందరూ గిరి అంటారు. ఖాలా ఒక్కతే “దస్తగీర్” అని చివర్న సాగదీసి, ఎంతో పెద్ద మనిషిని పిలిచినట్టు పిలిచేది. ఇప్పుడు ఎవరూ అట్లా పిలవరు. పిలిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనిపిస్తుందో చెప్పలేను.

ఒక ఆదివారం మా ఊరి నుంచి వస్తూ అమ్మ చేత కజ్జికాయలు చేయించుకొచ్చాను. ఆ రోజు ఖాలాతో మాట్లాడి తీరాలని బస్సులో శిరివెళ్ల దాటినప్పటి నుంచీ మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఖాలా ఒక కజ్జికాయ తిని, మా అమ్మ చేతిని మెచ్చుకుని, నా లాప్‌టాప్‌కు తనే చార్జరు పెట్టింది. చేతి వెనకభాగం ఆనించి చూసింది. జరం లేదంది. నేను గొంతు సవరించుకున్నాను.

“ఖాలా, ఒక మాట చెప్పాల.”

“ముందు నా మాట ఇను దస్తగీర్. నేను యోచన చేస్తాన్యా. నువ్వు, తస్లీమ్ ఒకే పాలు తాగినోళ్ళు. ఇంగ మీరు దూద్ షరీక్ అయిపోయినారు.”

అని పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె ఏది చెప్పినా నవ్వడం నాకు అలవాటు. “అర్తమైందా?” అంది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసి “ఆఁ” అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు చెరిపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పరదా కింద నుంచి వైరు జరుపుతూ అడిగాను. “తస్లీమ్, దూద్ షరీక్ అంటే ఏంది?”

పరదా వెనక నుంచే చెప్పింది.

“ఒకే తల్లి దగ్గర పాలు తాగినోళ్ళు. వేరే వేరే కడుపుల్లో పుట్టినా అన్నాచెల్లెళ్ళు అయిపోతారు మనలో.”

“అయితే?”

“అయితే ఏముంది? వాళ్ళకు పెండ్లి కుదరదు.”

వైరు అటు వెళ్ళిపోయింది. క్లాసు మొదలైంది. భిన్నాల లెక్క చెబుతోంది ఆ పిల్ల, గొంతులో ఏ తేడా లేదు. నేను చాప మీద కూర్చుని చార్జరు మీద వెలిగే ఆ చిన్న లైటు వైపే చూస్తూ ఉండిపోయాను. కూర్చుకున్న మాటలు కూర్చుకున్నట్టే మింగేశాను.

నిజమైన పాలా, పాడా? కరెంటు తీగ. మసీదులో ఏ హజ్రత్‌ను అడిగినా నవ్వుతాడు. అది ఖాలాకు తెలియదా? తెలుసు. తెలిసే అంది. నేను నోరు తెరవకముందే తలుపు వేసింది, అదీ నవ్వుతూ వేసింది. ఎందుకు వేసిందని సంవత్సరాల తరబడి ఆలోచించాను. మాది తెలుగు మాట్లాడే ఇల్లని చిన్నచూపా? నా ఉద్యోగం నిలబడేది కాదనుకుందా? ఇంత పెట్టిన చెయ్యి, ఇంత నవ్విన నోరు, లోపల మాత్రం నన్ను తూచి పక్కన పెట్టిందా? ఆమె మీద నాకున్న ప్రేమలో ఆ ముల్లు గుచ్చుకుని ఉండేది.

మర్నాడే చార్జరు ఆర్డరు పెట్టాను. వచ్చింది. ఖాలా దాన్నీ చేతి వెనకభాగంతో చూసి, మంచిదే అని ఒప్పుకుని, తస్లీమ్ చార్జరు పక్కనే బండ మీద పెట్టింది. నన్ను మళ్ళీ మిద్దె మీదికి పోనివ్వలేదు.

ఆ తర్వాత ఆమె నన్ను మరీ వాడుకుంది. గ్యాసు బండ మార్చడానికి నేనే, మటన్ తేవడానికి నేనే, ఆలస్యంగా వస్తే “యాడ తిరుగుతాండావ్?” అని తిట్లు తినడానికీ నేనే. రంజాన్‌కు నాకు బట్టలు కుట్టించింది. పక్కింటివాళ్ళు ఎవరని అడిగితే “మా పెద్దోడు” అనేది. తస్లీమ్ నన్ను “భాయ్” అనడం మొదలుపెట్టింది. చాగలమర్రి సంబంధం కుదిరి పెళ్ళయినప్పుడు ఫంక్షన్ హాలు గుమ్మంలో అత్తరు పూసి పెళ్ళివారిని లోపలికి పిలిచింది నేనే. ఖాలా దూరం నుంచి చూసి, వచ్చి, నా కాలరు సరిచేసి వెళ్ళింది. ఆమె ఆ క్షణంలో ఎందుకంత మురిసిపోయిందో నాకు అర్థం కాలేదు. నా మీద నాకే జాలేసింది.

తర్వాత కంపెనీ బెంగళూరు పిలిచింది. కొత్త సిమ్ము ఇచ్చారు, పాత నంబరు పోయింది. పండగలకు నేనే ఖాలాకు ఫోను చేసేవాణ్ణి. “ఏం తిన్యావు? చార్జరు పరుపు మీద పెట్టలేదు గదా?” అదే మాట. ఈ మధ్య చేస్తే స్విచ్చాఫ్ వస్తోంది. ఫోనుకు పాలు పట్టడం మరిచిందేమో అనుకున్నాను.

ఆ పొద్దున తలుపు తీసింది తస్లీమ్. చంకలో బిడ్డ. ఇల్లు సగం ఖాళీ, మూటలు కట్టి ఉన్నాయి. నన్ను చూసి బిడ్డను కిందికి దించింది.

“ఇప్పుడు వచ్చినావా భాయ్?” అంది. ఇంకేమీ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది.

గుండె జబ్బట. ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉందట. నేను ఆ బండల మీదే కూర్చున్నాను. తస్లీమ్ నీళ్ళు తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. బిడ్డ మా మధ్య పాకుతోంది. నేనే అడిగాను. ఇంక అడగడానికి ఆమె లేదు కాబట్టి ఈ పిల్లనే అడిగాను.

“ఖాలా ఆ రోజు ఆ మాట ఎందుకు అనింది తస్లీమ్? మా ఇల్లు నచ్చలేదా?”

తస్లీమ్ తల అడ్డంగా ఊపింది.

“అమ్మీకి నువ్వంటే పానం. నేనే వద్దన్యా. నీ మనసులో ఏముండాదో నాకు తెలుస్తాండె. నాకు నువ్వు ఎప్పుడూ అట్ల అనిపియ్యలే భాయ్, తప్పుగా అనుకోవాకు. ‘రూము ఖాళీ చేపిచ్చు అమ్మీ, నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పినా.”

“మరి?”

“అమ్మీ ఒప్పుకోలే. ఒక పగలంతా అన్నం తిన్లే. ‘బిడ్డను యాడికి పంపిచ్చేది? అల్లుడు గాకపోతే పోనీ, కొడుకును చేసుకుంటా’ అనింది. ‘వాని మనసు నొవ్వకుండా చెప్తా, నువ్వు నోరు తెరవాకు, నా మీదికి ఏసుకుంటా’ అనింది.”

నేను ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ముల్లు ఆమెదే అనుకున్నాను. కూతురి మాటను తన మాటగా చెప్పి, నా అలకను తన నెత్తిన వేసుకుని, నా ఎదుట నవ్వుతూ తిరిగింది ఆ మనిషి. గ్యాసు బండ మోయించినా, బట్టలు కుట్టించినా, కాలరు సరిచేసినా ఆమె చెప్పిన మాట నిలబెట్టుకుంటోంది. నాకు తెలియలేదు. తెలిసి ఉంటే ఒక్కసారి అమ్మీ అని పిలిచి ఉండేవాణ్ణి.

తస్లీమ్ కళ్ళు తుడుచుకుంది. “ఆసుపత్రిలో గూడా నీ మాటే. మట్టి చేసేటప్పుడు ఆడమనిషిని ఖబర్ గుంతలోకి సొంతోళ్ళే దించాల గదా. అమ్మీ తమ్ముడు, మా మామ ఉన్నాడు, మా ఆయన ఉన్నాడు, ఇంకొకరు కావాల. ‘దస్తగీర్‌కు చెప్పండి, వాడు దిగుతాడు’ అనింది. మా మామ పెండ్లికి రాలే గదా, ఆయనకు నువ్వు తెలీదు. వాడెవడని అడిగినాడు. ‘నా కొడుకు’ అనింది.”

“నాకు ఫోను చెయ్యలేదే తస్లీమ్!”

“చేసినాం భాయ్. నా దగ్గర ఉండేది నీ పాత నంబరే. ఎవరో హిందీలో మాట్లాడి పెట్టేసినారు. అమ్మీ ఫోన్‌లో చూద్దామంటే అది ఆసుపత్రిలోనే యాడో పోయింది.”

బిడ్డ వచ్చి నా మోకాలు పట్టుకుని నిలబడింది. నేను దాన్ని ఎత్తుకోనైనా లేదు.

“మరి ఎవరు దిగారు?”

“జనాజా మోసేటోళ్ళతో నడిచి వచ్చినాయన ఎవరో. పాపం, చెప్పులిడిసి తానే ముందుకొచ్చినాడంట. పేరు గూడా అడగలే.”

మంచి మనిషే అయి ఉంటాడు. ఆమెను జాగ్రత్తగానే పట్టుకుని ఉంటాడు. ఆ పేరు తెలియని మనిషికి నేను దణ్ణం పెట్టాలి, పెడతాను కూడా. కానీ అతణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకు కుళ్ళుగా ఉంటుంది. ఆ పని నాది.